ఇరవైఏడో నెంబరు పాలు

జూన్ 6

ఈ పుస్తకం నర్సమ్మ ఇచ్చింది. బిడ్డ కడుపులో రోజుకి ఎన్నిసార్లు కదిలిందో రాసుకోమంది. నాలుగు రోజులు రాశాను. పది, పన్నెండు, పది, పద్నాలుగు. ఒక్కో పేజీలో ఒక్క అంకె వేసి మిగతాది వదిలేయాలంటే మనసొప్పడం లేదు. అందుకని రాస్తున్నాను.

రాయడం నాకు కొత్త కాదు. పాల కేంద్రంలో ఆరేళ్ళుగా అరవైరెండు మంది పోసే పాలు రెండు పూటలా పరీక్ష చేస్తున్నాను. మిషన్‌కి సూదిలాంటి గొట్టం ఉంటుంది. దాన్ని పాలలో ముంచితే వెన్న ఎంతో, నీళ్ళు ఎన్నో చెబుతుంది. అందుకే ఊళ్ళో నా పేరు సూదమ్మ. నా ఎదురుగా ఎవరూ అనరు, మూడావుల పెద్దమ్మ తప్ప.

ఆవిడది ఇరవైఏడో నెంబరు. ఇవాళ ఆవిడ పాలు మళ్ళీ వెనక్కి పంపాను. వెన్న మూడున్నర ఉండాలి, రెండున్నర కూడా రాలేదు. ఈ నెలలో ఇది మూడోసారి.

"నీళ్ళు కలిపే చెయ్యి కాదే ఇది," అంది అందరి ముందూ. "చివరి ధారలు దూడకి వదిలేస్తాను. నా దూడ తర్వాతే నీ పాల సంఘం."

"అందరూ దూడ మీదకే తోస్తారు పెద్దమ్మా."

"అయితే మా పాకకి రా. నీ ఎదురుగానే పితుకుతాను. అడిగితే రావాలని రూల్లో ఉందా లేదా?"

ఉంది. కానీ ఈ పొట్ట వేసుకుని ఎక్కడికి పోను? కాన్పయ్యాక చూద్దామన్నాను.

"అందాకా నేను దొంగనా?" అంటూ క్యాను ఎత్తుకుంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఎన్నో నెల?"

"తొమ్మిది."

"కింద కూర్చోకు. లేవలేవు."

జూన్ 7

పదకొండుసార్లు.

జూన్ 15

ఇవాళ్టితో పని ఆపాను. నా బదులు దర్జీ కోడలు చూస్తుంది. వారం నుంచి నేర్పిస్తున్నాను. అన్నీ బాగానే పట్టుకుంది, సీసాలకి చీటీ అంటించడం ఒక్కటే మర్చిపోతోంది. ఎవరి పాలు, ఏ పూటవి, ఎలా తీసినవి, ఈ మూడూ చీటీ మీద ఉండాలి. చీటీ లేని సీసాలో ఏముందో దేవుడికి కూడా తెలీదు, పారబోయడమే అని చెప్పాను.

తాళంచెవి ఒకటి ఆవిడకిచ్చి రెండోది నా దగ్గరే ఉంచుకున్నాను. ఆయన చూసి, "మిషన్ని కూడా తెచ్చేయకపోయావా, ఉయ్యాల పక్కన పెట్టుకునేవాళ్ళం," అన్నారు. ఆయన సంఘం వ్యాను నడుపుతారు. పాల క్యాన్లు పట్నానికి చేర్చే పని. రోజంతా మాట్లాడే తోడుండదు కాబట్టి ఇంటికొచ్చాక ఇలాంటివి రెండు మూడు వదులుతారు.

జూన్ 29

ఆడపిల్ల. మూడు కిలోలకి నూరు గ్రాములు తక్కువ. అందరూ బాగుందన్నారు. నేను కూడా అన్నాను.

జులై 3

ఇంటికొచ్చాం. కిటికీ ఉన్న గది మాకు ఇచ్చి అత్త ముందు గదిలోకి మారింది. అడగకుండానే మంచం ఈడ్చుకుంది. పాపకి ఇంకా పేరు పెట్టలేదు. ఆయన మాత్రం అరవైమూడో నెంబరు అంటున్నారు. "అరవైమూడు లేచిందా? అరవైమూడు తడిపిందా?" నవ్వొచ్చింది. కుట్లు లాగాయి.

జులై 9

గుడ్డలు ఉతుకుతుంటే ఏడుపొచ్చింది. ఎందుకో తెలీదు. సబ్బు కంట్లో పడిందని అత్తకి చెప్పాను.

"సబ్బు మార్చాలి," అంది అత్త.

జులై 11

అత్త కొత్త సబ్బు తెప్పించింది. ఇది కూడా కంట్లో పడుతోంది.

జులై 12

నర్సమ్మ వచ్చి పాపని తూచింది. పుట్టినప్పటి బరువు ఈపాటికి తిరిగి రావాలట. ఇంకా ఎనభై గ్రాములు తక్కువ. "కంగారేం లేదు, వచ్చే వారం మళ్ళీ తూస్తాను," అంది. నాకేమీ కంగారు లేదు అన్నాను.

తర్వాత ఒక కాగితం ఇచ్చింది. తల్లి కోసమట. పది ప్రశ్నలు. నవ్వు వచ్చే చోట నవ్వుతున్నారా, ఊరికే భయం వేస్తోందా, మీ వల్ల కాని తప్పుకి మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నారా, ఇలాంటివి. పదింటికీ మంచి గడిలోనే టిక్కు పెట్టాను. అంత చక్కని కాగితం ఆవిడ ఎప్పుడూ చూసి ఉండదు.

చూసి ఊరుకోలేదు. "నీ కేంద్రంలో అరవైరెండు మంది పాలకీ ఒకే అంకె వస్తే ఏం చేస్తావమ్మా?"

"మిషన్ చెడిందనుకుంటా."

"ఊఁ," అని కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

జులై 14

నా పాలు ఒక చుక్క గోటి మీద వేసి చూశాను. నిలవలేదు, జారిపోయింది. రంగు కూడా నీలంగా ఉంది. నీళ్ళ పాలు ఎలా ఉంటాయో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

పాప తాగుతుంది, వదిలిపెట్టగానే ఏడుస్తుంది. దానికీ తెలిసినట్టుంది.

జులై 16

మధ్యాహ్నం పాపని అత్తకిచ్చి, కాళ్ళు సాగదీసుకుని వస్తానని కేంద్రానికి వెళ్ళి, నా దగ్గరున్న తాళంచెవితో తలుపు తీశాను. ఎవరూ లేరు. నేల కడిగి ఆరబెట్టి ఉంది. క్యాన్లు బోర్లించి ఉన్నాయి. దర్జీ కోడలు శుభ్రంగానే ఉంచుతోంది. పొద్దున పాపకి పట్టేముందు చిన్న గ్లాసులో తీసిన పాలు కొంగు చాటున తెచ్చాను. తడిగుడ్డ చుట్టాను. సూది ముంచాను.

వెన్న 1.7. నీళ్ళు పదహారు శాతం.

గొట్టం కడిగి మళ్ళీ ముంచాను. అదే.

కాగితం ముక్క బయటికొచ్చింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి ఈ పుస్తకంలో దాచాను. ఈ అంకె ఇంకెవరికైనా వచ్చుంటే రెండోసారి ముంచేదాన్ని కూడా కాదు. వెనక్కి అనేదాన్ని.

జులై 17

బాగానే ఉన్నాను.

జులై 18

డబ్బా పాలు తెమ్మన్నాను. "డాక్టరు చెప్పారా?" అని అడిగారు ఆయన. నర్సమ్మ చెప్పిందన్నాను. సాయంత్రం తెచ్చారు. పాప తాగి మూడు గంటలు పడుకుంది. నేను గోడ చూస్తూ కూర్చున్నాను. మంచి గోడ. ఎక్కడా పగులు లేదు.

జులై 20

పాప బాగుంది. నేను బాగానే ఉన్నాను.

జులై 21

పాప బాగుంది. నేను బాగానే ఉన్నాను. నర్సమ్మ తూచడానికి వచ్చింది. స్నానం చేస్తున్నానని చెప్పించి లోపలే ఉన్నాను. పాప నలభై గ్రాములు పెరిగిందట. డబ్బాది.

జులై 24

తింటుంటే ఆయన చెప్పారు. సంఘం మూడావుల పెద్దమ్మ పాలు పదిహేను రోజులు తీసుకోవద్దందట.

"నీళ్ళు పదహారు శాతమట. ఊళ్ళో ఎవరికీ అంత రాలేదు. ఆవిడేమో పదహారో తారీఖున అసలు పాలే పోయలేదంటోంది. కాగితంలో ఉంది కదా అంటున్నారు వాళ్ళు."

చెయ్యి కడుక్కుని గదిలోకి వచ్చాను.

నెంబరు కొట్టందే ఆ మిషన్ పని చెయ్యదు. కొట్టిన నెంబరు మీదే అంకె సంఘం లెక్కలోకి పోతుంది. ఆ రోజు నేను ఏ నెంబరు కొట్టానో చూసుకోలేదు. పుస్తకంలోంచి కాగితం తీసి చూశాను. పైన చిన్న అక్షరాలతో ఇరవైఏడు అని ఉంది. అనుమానం ఉన్నచోటికే వేళ్ళు అలవాటుగా పోయాయి.

చెప్పాలి. చెబితే ఆ పాలెవరివో కూడా చెప్పాలి. రేపు చెబుతాను.

జులై 25

రేపు.

జులై 26

వాన. ఎవరూ బయటికి వెళ్ళలేదు. రేపు.

జులై 27

నేను వెళ్ళక్కర్లేకపోయింది. పెద్దమ్మే వచ్చింది.

పొద్దున పది గంటలప్పుడు పాప నా ఒళ్ళో ఉంది. అత్త గుమ్మంలో కూర్చుని గుడ్డలు మడతపెడుతోంది. పెద్దమ్మ ఖాళీ క్యాను పట్టుకుని లోపలికొచ్చింది.

"మాకు పాలొద్దు వదినా," అంది అత్త.

"అమ్మడానికి రాలేదు. నీ కోడలితో పనుంది." స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. "సూదమ్మా, పదహారో తారీఖున నేను ఊళ్ళో లేను. మా చెల్లి కాలు బెణికితే కట్టు కట్టించడానికి పోయాను. ఆవులు నా ఇంట్లో, నేను దాని ఇంట్లో. నా నెంబరు మీద ఎవరి పాలు పడ్డాయో కనిపెట్టి చెప్పు. నీ మీద నాకు ఒళ్ళుమంట ఉంది, దాచను. కానీ నీ చెయ్యి అబద్ధం రాయదు. ఆ మాట ఎక్కడైనా ఒప్పుకుంటాను."

ఆ చివరి మాట అనకుండా ఉంటే ఇంకో రేపు అనుకునేదాన్నేమో.

"అవి నావి," అన్నాను.

"నీకు ఆవెక్కడిదే?"

"ఆవు కాదు."

అత్త చెయ్యి ఆగిపోయింది. పెద్దమ్మ నన్ను చూసింది, పాపని చూసింది, అలమరలో డబ్బాని చూసింది. తర్వాత నవ్వు మొదలుపెట్టింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత స్టూలు కదిలింది.

"నీ పాలు తీసుకెళ్ళి నా నెంబరు మీద పోశావా! సంఘం నా ఆవుల్ని కట్టేసింది నీ పాలకా! వదినా, విన్నావా?"

నేను కూడా నవ్వుతున్నాననే అనుకున్నాను. పాప మొహం మీద చుక్కలు పడుతుంటే తెలిసింది. ఈసారి దగ్గర్లో సబ్బు లేదు.

అత్త లేచి వచ్చి పాపని తీసుకుంది. "సబ్బు కాదని నాకు తెలుసు. అడిగితే ఇంకా దాచుకుంటావని ఊరుకున్నాను. నాదే తప్పు, అడగాల్సింది," అంది. ఈ మూడేళ్ళలో అత్త ఒక్కసారిగా అన్ని మాటలు అనడం ఇదే.

పెద్దమ్మ నవ్వు ఆపింది. "పాలు ఎప్పుడు తీశావు? పిల్ల తాగకముందా, తాగాకా?"

"ముందు."

"అదీ సంగతి. ముందు ధారలు పట్టుకుని నీకు నువ్వే తీర్పు చెప్పుకున్నావు. ఆరేళ్ళు పాల మధ్య కూర్చున్నావు గానీ నువ్వు చూసింది సీసానే, పొదుగు కాదు. ముందొచ్చేవి దాహానికి, చివరొచ్చేవి ఆకలికి. నా దూడకి నేను వదిలేవి ఏవి మరి?"

"చివరి ధారలు," అన్నాను.

"ఆఁ. ఇన్నాళ్ళూ మొత్తుకుంది అదే." స్టూలు దగ్గరికి జరుపుకుంది. "అయినా ఇంత దిగులు లోపల పెట్టుకుంటే ఏ తల్లికి చేపుతాయే పాలు, ధార ఎలా దిగుతుంది? మా ఎర్రావు, పాకలో కొత్త మనిషిని చూసి నాలుగు రోజులు చుక్క వదల్లేదు."

"నేను ఆవునా పెద్దమ్మా?"

"ఆవుకి ఇంకొంచెం తెలివుంటుంది."

అత్త నవ్వింది. వాళ్ళిద్దరూ కూర్చుని పాత కాన్పుల గురించి చెప్పుకున్నారు. అత్తకి ఆయన పుట్టినప్పుడు నెల రోజులు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదట. కోళ్ళ గూడు దగ్గరికి పోయి కూర్చునేదట. "కోళ్ళు ఏమీ అడగవు," అంది. ఇది నాకు ఇన్నాళ్ళూ తెలీదు.

సాయంత్రం ఆయనకి అన్నీ చెప్పాను, నర్సమ్మ పేరు మీద చెప్పిన అబద్ధంతో సహా. వ్యాను తాళాలు చేతిలో తిప్పుతూ విన్నారు.

"మిషన్ని అడిగావు. నన్ను అడగలేదు," అన్నారు. కోపంగా కాదు.

జులై 28

ఆయనే వెళ్ళి నర్సమ్మని వ్యానులో తీసుకొచ్చారు. క్యాన్ల మధ్య కూర్చుని వచ్చింది పాపం. చీర అంచు తడిసింది.

మిషన్ సంగతి చెబితే నవ్వలేదు. "అది ఆవు పాలకి చేసిన మిషన్. మనిషి పాలకి అది చెప్పే అంకెలు లెక్కలోకి రావు," అంది. నా దగ్గర ఆరేళ్ళు ఉన్న మిషన్ గురించి ఇంకొకరు నాకు చెప్పడం. సరే, అదీ విన్నాను.

"ఒక్కో వైపు ఎంతసేపు పడుతున్నావు?"

"ఐదు నిమిషాలు. గడియారం చూసి మారుస్తాను."

"అలా ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. ఆలోచిస్తే కేంద్రంలో ఒక్కొక్కరికి ఇచ్చే సమయం అదే. వరస కదలాలి కదా అన్నాను.

"ఇక్కడ నీ వెనక ఎవరు నిలబడ్డారమ్మా?"

తలెత్తి చూశాను. నిజంగానే చూశాను. అత్త, ఆయన నిలబడి ఉన్నారు. వాళ్ళకేం తొందర లేదు.

పాప వదిలేదాకా ఒక వైపే పట్టమంది. పట్టుకునే తీరు మార్చి చూపించింది. డబ్బా ఇప్పుడే మానక్కర్లేదు, బరువు చూసి తగ్గిద్దాం అంది. "డబ్బా పట్టడం తప్పు కాదు. దాచడమే నీకు బరువైంది." ఇన్నిరోజులు ఏడుపొస్తుంటే అది కూడా చెప్పాల్సిన విషయమే అంది. జ్వరంలాగే దానికీ చూసేవాళ్ళున్నారు, తగ్గుతుంది. డాక్టరు దగ్గరికి వారానికోసారి రమ్మంది. మళ్ళీ అదే కాగితం ఇచ్చింది. ఈసారి టిక్కులు అడ్డదిడ్డంగా పడ్డాయి.

"ఇప్పుడు మిషన్ పనిచేస్తోంది," అంది నర్సమ్మ.

జులై 31

పాప పద్దెనిమిది నిమిషాలు తాగింది. ఆగి, నిద్రపోయిందనుకునేలోగా మళ్ళీ తాగింది. గడియారం చూశానని ఒప్పుకుంటున్నాను. తర్వాత అత్త దాన్ని ముందు గదిలోకి మార్చింది. గడియారాన్ని.

ఆగస్టు 3

సంఘానికి చీటీ రాశాను. "జులై పదహారున ఇరవైఏడో నెంబరు మీద నమోదైన పాలు ఆ నెంబరువి కావు. పరీక్ష చేసిన మనిషి సొంతం. పొరపాటు నాది. ఇరవైఏడో నెంబరు మీద నిషేధం తీసేయగలరు."

సంఘం అధ్యక్షుడు చదివి, మీరు ఆవుని ఎప్పుడు కొన్నారని ఆయన్ని అడిగారట. "సొంతం అని రాసింది కదండీ," అని ఆయన వ్యాను స్టార్టు చేసుకుని వచ్చేశారు.

ఆగస్టు 10

వారం వారం డాక్టరు చూశాక, ఆసుపత్రి వెనక గదిలో కొత్త తల్లులు ఒక గంట కూర్చుంటారు. నర్సమ్మ చేసిన ఏర్పాటు. ఇవాళ నలుగురం. బెంచీ ఒక కాలు పొట్టి, అందరం ఒక్కసారే కదలకూడదు. లారీ డ్రైవరు భార్య, బిడ్డకి స్నానం చేయించాలంటే చేతులు వణుకుతాయంది. టీచరమ్మ, బిడ్డ ఊపిరి లెక్కపెడుతూ కూర్చుంటానంది. ఇవన్నీ నాకు ఒక్కదానికే అనుకున్నాను.

నా వంతు వచ్చినప్పుడు మిషన్ సంగతి చెప్పాను. బెంచీ ఊగిపోయింది.

"నావి కూడా ఒకసారి చూసిపెట్టవా?" అంది లారీ డ్రైవరు భార్య.

"ఇక చూడను," అన్నాను.

ఆగస్టు 17

ఇవాళ మళ్ళీ ఏడుపొచ్చింది. అత్తకి చెప్పాను. "సరే, ఏడు," అని పాపని ఎత్తుకుని కోళ్ళ దగ్గరికి తీసుకెళ్ళింది. ఏడ్చి పడుకున్నాను. లేచేసరికి ఎండ గుమ్మం దాటి వెళ్ళిపోయింది. తలుపు దగ్గర ఆయన వ్యాను ఊరికే గుర్రుమంటోంది. ఆ చప్పుడుకి అరవైమూడు పడుకుంటుందని కనిపెట్టారు. ముందు సీట్లో పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు, ఎక్కడికో పోతున్నట్టు.

ఆగస్టు 25

డబ్బా రోజుకి ఒక్కసారే. వారంలో నూట తొంభై పెరిగింది. పాపకి నా గొంతు తెలుస్తోంది. తల తిప్పుతుంది. నాకు అప్పుడు లోపల ఏదో చేపినట్టు ఉంటుంది. ఇంతకన్నా రాయడం నాకు రాదు.

సెప్టెంబర్ 2

పాపని ఎత్తుకుని పెద్దమ్మ పాకకి వెళ్ళాను. ఇంకా సెలవులోనే ఉన్నాను గానీ జూన్‌లో ఇచ్చిన మాట. రెండు సీసాలు, చీటీలు పట్టుకెళ్ళాను. పొడిగా, చీకటి లేకుండా ఉంది పాక. దూడ కట్టుకొయ్య దగ్గర గింజుకుంటోంది.

పెద్దమ్మ పొదుగు కడిగి పితకడం మొదలుపెట్టింది. మొదటి ధారలు ఒక సీసాలో పట్టాను. రెండో సీసాకి చాలాసేపు ఆగాలి. ఈలోగా పాప లేచింది. పెద్దమ్మ ఇంకో పీట కాలితో నా వైపు తోసింది. కూర్చుని పాపకి పట్టాను.

"త్వరగా కానీ," అంది పెద్దమ్మ ఆవు పక్కనుంచి. "వెనక వరస పెరిగిపోతోంది."

"మీరు కానివ్వండి, మాకు తొందర్లేదు," అన్నాను.

దూడ తప్ప ఎవరూ అరవలేదు. పాప వదిలేదాకా కూర్చున్నాను. తర్వాత చివరి ధారలు పట్టుకుని, మిగిలినవి దూడకి వదిలించి, కేంద్రానికి వచ్చి సూది ముంచాను. ముందువి 1.9. చివరివి 6.4. నీళ్ళు లేవు. సంఘం పుస్తకంలో ఇరవైఏడుకి ఎదురుగా ఆ మాటే రాశాను. పలచగా ఉన్న రోజు తక్కువ రకం కింద తీసుకోవాలి, వెనక్కి పంపకూడదు అని కింద రాసి సంతకం పెట్టాను. దర్జీ కోడలికి చూపించాను. నా వెంటే వచ్చిన పెద్దమ్మ ఆ పుస్తకం తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చదివింది.

"ఇంత మాట రాయడానికి నీకు కాన్పు కావాల్సొచ్చింది," అంది.

ఇంటికొచ్చి ఈ పుస్తకం తీస్తే ఆ పాత కాగితం ముక్క కిందపడింది. 1.7, పదహారు శాతం. పారేద్దామనుకున్నాను. తర్వాత సంచిలో మిగిలిన చీటీ ఒకటి తీసి దానికి అంటించాను. ఇరవైఏడు కొట్టేసి రాశాను:

నావి. పొద్దుటివి. ముందు ధారలు మాత్రమే.